పుస్తకాల ముచ్చట: దీపం ఆరిన దీవి

ఈ మధ్య వస్తున్న ఇంగ్లీషు నవలల్లో ఒక తరహాకు మంచి గిరాకీ వున్నది. యెక్కడో నడిసముద్రంలో ఒక దీవి. అక్కడ యెప్పుడో ఒక దారుణం జరిగివుంటుంది. ఒక అధ్యాయం ఆనాటి కథ. మరుసటి అధ్యాయం యిరవైయేళ్ళో నలభైయేళ్ళో గడిచాక ఈనాటి కథ. మళ్ళీ ఆనాడు, మళ్ళీ ఈనాడు. జడ అల్లినట్లు పాయలు కలుపుకుంటూ పోయి, చిట్టచివర గుట్టు విప్పుతారు. మన యిళ్ళలో కాలేజీ చదువుల పిల్లలు వీటిని తెల్లవార్లూ చదివి, పొద్దున్నే కళ్ళెర్రగా లేవడం పెద్దలకు తెలిసిన సంగతే.

"కథను తిన్నగా చెప్పకుండా, ఈ వెనక్కీ ముందుకీ పరుగులేమిటి?" అని విసుక్కునే పెద్దలూ లేకపోలేదు. వారికి నేను మనవి చేసేదేమంటే, ఈ పద్ధతి మనకు బొత్తిగా కొత్తది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు చదివిన యిళ్ళు మనలో చాలా వున్నాయి. యతీశ్వరుడూ గోపకుమారుడూ కాశీకి నడుస్తూ వుంటారు. అది ఒక కాలం. మజిలీలో దిగినప్పుడు గోపకుడు ఊళ్ళోకి వెళ్ళి ఒక వింత చూసివచ్చి, "స్వామీ, దీని వృత్తాంతమేమి?" అని అడుగుతాడు. అప్పుడు యతి చెప్పేది మరొక కాలం. అడిగేవాడు ఒక కాలంలో, జరిగినది ఒక కాలంలో. కొత్త నవలలు చేస్తున్నదీ అంతే. తేడా అల్లా ఒక్కటే. కాశీమజిలీ యతి దగ్గర ఒక మణి వున్నది. దాని మహిమవల్ల జరిగినదంతా వున్నదున్నట్లు ఆయనకు తెలిసిపోయేది. తక్కినవాళ్ళకు ఆ మణి లేదు.

మణి లేనివాళ్ళు గతాన్ని యెలా తెలుసుకోవాలి, తెలియనిచోట యేమి చేయాలి అన్నదే ఈ నెల ముచ్చట. అందుకు ఒక నిజమైన ఘటననూ, దాని ప్రేరణతో పుట్టిన ఒక నవలనూ తీసుకుంటున్నాను. నవల పేరు 'ది లాంప్‌లైటర్స్'. రాసినావిడ ఎమ్మా స్టోనెక్స్, అచ్చయినది 2021లో. ఘటన 1900 డిసెంబరు నాటిది. ముందు ఘటన సంగతి.

స్కాట్లాండుకు పడమరగా లూయిస్ అనే పెద్ద ద్వీపం వున్నది. దానికి యింకా పడమరగా సుమారు 20 మైళ్ళ దూరాన, అట్లాంటిక్ సముద్రంలో ఫ్లానన్ దీవులని కొన్ని రాతిదిబ్బలు. అన్నిటిలోకీ పెద్దదాని పేరు ఐలీన్ మోర్. ఊరు లేదు, చెట్టు లేదు. చుట్టూ నిట్టనిలువు కొండచరియలు. ఆ దీవి నెత్తిమీద ఒక దీపస్తంభం కట్టి, 1899 డిసెంబరు 7న దీపం వెలిగించారు. మద్రాసులోనో గోపాలపూరులోనో ఒడ్డున నిలబడి చూసిన దీపస్తంభాన్ని తలచుకుంటే ఇది బోధపడదు. అక్కడ దీపం కింద ఊరున్నది. యిక్కడ దీపం కింద ముగ్గురు మనుషులు, ఆ పైన సముద్రం. అంతే.

ఉద్యోగులు నలుగురు. ముగ్గురు దీవిలో వుంటే ఒకరు వంతుచొప్పున ఒడ్డున విశ్రాంతి తీసుకోవాలి. కుటుంబాలు లూయిస్ ద్వీపంలోని బ్రెస్‌క్లీట్ అనే చోట వుండేవి. 1900 డిసెంబరులో దీవిలో వున్నవారు పెద్ద కాపరి జేమ్స్ డుకట్, సహాయకుడు థామస్ మార్షల్, మూడోవాడు డోనాల్డ్ మెకార్థర్. ఈ మూడో ఆయన ఖాయపు ఉద్యోగి కాదు. విలియం రాస్ అనే ఉద్యోగికి జబ్బుచేస్తే, అతని బదులు వెళ్ళిన మనిషి. ఈ ముక్క గుర్తుంచుకోండి. ఒడ్డున విశ్రాంతిలో వున్న నాలుగో ఉద్యోగి జోసెఫ్ మూర్.

డిసెంబరు 15 రాత్రి ఆ దారిన పోతున్న ఆర్క్‌టర్ అనే స్టీమరు వారికి దీపం కనబడలేదు. దీవి నుంచి ఒడ్డుకు తంతి లేదు, వైర్‌లెస్ లేదు. దీపం కనబడుతున్నదీ లేనిదీ చూడడానికి లూయిస్ తీరాన ఒక మనిషిని నియమించారుగాని, మంచూ వానా కమ్మిన రోజుల్లో కనబడకపోవడం మామూలే కాబట్టి, వరుసగా కొన్ని రాత్రులు కనబడకపోయినా యెవరూ కంగారుపడలేదు. 20వ తేదీన బయలుదేరవలసిన హెస్పెరస్ అనే సరఫరా ఓడ, వాతావరణం బాగుండక ఆగి ఆగి, 26వ తేదీ మధ్యాహ్నానికి దీవి చేరింది.

జెండా యెగరలేదు. రేవు దగ్గర ఖాళీ పెట్టెలు పెట్టలేదు. యెదురు వచ్చేవారు లేరు. ఓడ కూత వేశారు, రాకెట్టు పేల్చారు. జవాబు లేదు. మూర్‌ను ఒక్కణ్ణి పడవమీద దింపారు. అతను మెట్లెక్కి పైకి పోయి చూస్తే గేటూ, బయటి తలుపూ మూసివున్నాయి. వంటగదిలో పొయ్యి రాజేసి చాలా రోజులయినట్లున్నది. గడియారం ఆగిపోయింది. మనిషి లేడు. కిందికి పరుగెత్తివచ్చి, ఓడమీది మనుషులను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళి వెదికాడు. దీపం తుడిచివున్నది, నూనె నిండుగా పోసివున్నది. వంటపాత్రలు శుభ్రంగా కడిగి పెట్టివున్నాయి. మనుషుల జాడ మాత్రం లేదు. ఆ రాత్రే మూర్, మరి ముగ్గురు ఓడ మనుషులు దీవిలో వుండిపోయి దీపం వెలిగించారు. తోటివాళ్ళు ముగ్గురూ మాయమైన యింట్లో, వాళ్ళ మంచాల పక్కన, ఆ రాత్రి మూర్ యెలా గడిపాడో ఊహించుకోవలసిందే.

29వ తేదీన పై అధికారి రాబర్ట్ మ్యూర్‌హెడ్ వచ్చి విచారణ జరిపాడు. 1901 జనవరి 8 తేదీతో ఆయన రాసిన నివేదిక, అంతకుముందు మూర్ రాసిన ఉత్తరం, రెండూ నిలిచివున్నాయి. అపరాధ పరిశోధన నవలలు చదివేవారు ఈ రెండు కాగితాలూ తప్పక చదవాలి. వాటిలో వున్న తర్కం అంత ముచ్చటగా వుంటుంది.

రోజువారీ పుస్తకంలో 13వ తేదీ దాకా రాసివున్నది. ఆ తరువాతిది పుస్తకంలోకి యెక్కించడానికి ముందు పలకమీద రాసుకున్నారు. పలకమీద ఆఖరిది 15వ తేదీ ఉదయం 9 గంటలది. వాతావరణపు ఒత్తిడి, ఉష్ణోగ్రత, గాలి సంగతి. అంతే. పగటి పని, అనగా దీపం తుడవడం, నూనె పోయడం, పూర్తయింది. గిన్నెలు కడిగారు కనుక మధ్యాహ్న భోజనమూ అయివుండాలి. ఆ రాత్రి దీపం వెలగలేదు. కనుక 15వ తేదీ మధ్యాహ్నానికీ చీకటిపడడానికీ మధ్యనే ఆ ముగ్గురూ పోయారు.

యెక్కడికి పోయారు? తూర్పు రేవులో అంతా సవ్యంగా వున్నది. పడమటి రేవులో కథ వేరు. సముద్రానికి సుమారు 110 అడుగుల యెత్తున, రాతి సందులో మోకులు దాచిపెట్టే పెట్టె ఒకటి వుండేది. అది పగిలి, మోకులు చెల్లాచెదరయ్యాయి. ఇనుప కమ్మీలు వంగిపోయాయి. టన్నుకు పైబడిన బండ ఒకటి తన చోటు నుంచి కదిలింది. 200 అడుగుల యెత్తున, కొండ అంచుమీది పచ్చిక గడ్డతో సహా లేచిపోయింది. మన వైపు సముద్రం తీరానికి వచ్చి పరుచుకుంటుంది. అక్కడి సముద్రం చరియల నడుమ సన్నని సందుల్లోకి దూరి, చివర గోడకు కొట్టుకుని, నిలువుగా పైకి చిమ్ముతుంది. కింద నిలబడినవాడికి ముందుగా తెలియదు.

డుకట్, మార్షల్ యిద్దరి సముద్రపు బూట్లూ వానకోట్లూ లేవు. అనగా వారు తొడుక్కుని వెళ్ళారు. మెకార్థర్ కోటు మాత్రం యింట్లోనే వున్నది. అతనికి వేరే కోటు లేదని మూర్‌కు తెలుసు. కనుక డిసెంబరు చలిలో అతను ఒట్టి చొక్కాతో బయటికి వెళ్ళాడు. మోకుల పెట్టెను భద్రం చేయడానికి కిందికి దిగినవారిని పెద్ద అల ఒకటి యీడ్చుకుపోయిందని మ్యూర్‌హెడ్ తేల్చాడు. మూడో ఆయన యెందుకు అలా వెళ్ళాడన్నది యెవరూ చూడలేదు. యిద్దరికీ ఆపద వచ్చినదని చూసో, రాబోతున్నదని చూసో, కోటు తొడుక్కునే వ్యవధి లేక పరుగెత్తాడని చాలామంది ఊహ. నా ఊహా అదే. కానీ అది ఊహ అని నేను చెప్పి తీరాలి.

ఆ నివేదికలో ఒక చోట మ్యూర్‌హెడ్ అధికారిగా కాక మనిషిగా మాట్లాడతాడు. అతను డిసెంబరు 7న ఆ దీవికి తనిఖీకి వెళ్ళివచ్చాడు. వాళ్ళ చేయి పట్టుకుని సెలవు తీసుకున్నవారిలో తానే ఆఖరివాడినని రాశాడు. డుకట్‌కు భార్యా నలుగురు పిల్లలూ. మెకార్థర్‌కు భార్యా యిద్దరు పిల్లలూ. మార్షల్‌కు పెళ్ళి కాలేదు. ముగ్గురిలో ఒక్కరి దేహమైనా దొరకలేదు.

యింతవరకు మొదటి కాలం. రెండవ కాలం ఇక్కడ మొదలవుతుంది. ఈ రెండవ కాలంలో జరిగినది మొదటిదానికన్న ఆలోచించదగ్గదని నాకు తోస్తుంది.

1912లో విల్‌ఫ్రిడ్ విల్సన్ గిబ్సన్ అనే ఇంగ్లీషు కవి ఈ ఘటనమీద ఒక గేయకథ రాశాడు. అందులో ముట్టని భోజనం, తలకిందులుగా పడిన కుర్చీ వచ్చాయి. గిన్నెలు కడిగి పెట్టారని మూర్ రాస్తే, కవి భోజనం వడ్డించి వదిలాడు. కవి కదా, పోనిద్దాం. అయితే గేయం జనం నోళ్ళలో పడింది. ఆ కుర్చీ నిజంగా పడివున్నదని జనం నమ్మసాగారు.

1929లో అమెరికాలో వింతకథల పత్రిక ఒకదానిలో మరొక అడుగు వేశారు. దీవిలో దొరికిన రోజువారీ పుస్తకంలోవంటూ కొన్ని రాతలు అచ్చువేశారు. యెన్నడూ చూడని తుఫాను వచ్చిందనీ, డుకట్ మూగవాడయ్యాడనీ, మెకార్థర్ యేడుస్తున్నాడనీ, ముగ్గురూ మోకాళ్ళమీద ప్రార్థన చేశారనీ ఆ రాతలు. యివన్నీ కల్పితాలు. అసలు పలకమీద వున్నవి ఒత్తిడీ, ఉష్ణోగ్రతా, గాలీ. సర్కారు దీపం కాసేవాడు పైవాళ్ళు చూసే పుస్తకంలో తోటివాడు యేడ్చాడని రాస్తాడా? ఒక్క నిమిషం ఆలోచిస్తే అబద్ధమని తేలిపోయేది. అయినా పుస్తకం తరువాత పుస్తకం వాటిని యెత్తి రాసుకున్నది. భూతాలనీ, పిచ్చి అనీ, హత్య అనీ, తోచినవారికి తోచినట్లు కథలు కట్టారు.

యిందులో తప్పేమున్నది, కథే కదా అంటారేమో. మెకార్థర్‌ను తలచుకోండి. ఒకరికి జబ్బుచేస్తే బదులు వెళ్ళిన మనిషి. దొరికిన ఆనవాళ్ళనుబట్టి కోటు కూడా లేకుండా బయటికి వెళ్ళిన మనిషి. అతనిని పేరుపెట్టి, యేడ్చే పిరికివాడిగా అచ్చులో నిలబెట్టారు. అతని భార్యా పిల్లలూ కల్పనలు కారు. చచ్చినవాడు వచ్చి కాదనలేడు. యింట్లోవాళ్ళు యేమని కాదంటారు? వాళ్ళూ చూడలేదు. మణి లేనిచోట అబద్ధం యెంత సుళువుగా మణిలాగా వెలుగుతుందో చూడండి.

యిప్పుడు నవల దగ్గరికి వద్దాం. ఎమ్మా స్టోనెక్స్ చేసిన మొదటి మంచిపని, ఆ ముగ్గురి పేర్లూ, ఆ దీవీ, ఆ కాలమూ వదిలిపెట్టడం. ఆమె కథను స్కాట్లాండునుంచి తీసి, ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరాన సముద్రం మధ్య ఒక రాతిమీది దీపస్తంభానికి మార్చింది. సంవత్సరం 1972. కాపరులు ఆర్థర్, బిల్, విన్స్. కొత్త సంవత్సరానికి ముందు ముగ్గురూ మాయమవుతారు. తలుపు లోపలినుంచి గడియ వేసివుంటుంది. గడియారాలు ఆగివుంటాయి. భోజనానికి బల్ల సిద్ధం చేసివుంటుంది. పుస్తకంలో పెద్ద తుఫాను అని రాసివుంటుంది, ఆ వారమంతా ఆకాశం నిర్మలం. గిబ్సన్ కుర్చీకీ, 1929 నాటి దొంగ రాతలకూ వీటితో చుట్టరికం వున్నదని మీకు యీపాటికి తెలిసేవుంటుంది. కానీ యిక్కడ అవి కల్పనలోనే వున్నాయి. నిజమైన మనిషి నెత్తిన రుద్దలేదు.

రెండవ కాలం 1992. ఒక రచయిత ఆ కథ రాయాలని బయలుదేరి, వెనక మిగిలిన ముగ్గురు ఆడవాళ్ళను కలుసుకుంటాడు. ఆర్థర్ భార్య హెలెన్, బిల్ భార్య జెన్నీ, విన్స్‌ను ప్రేమించిన మిషెల్. ఒకే దుఃఖం పంచుకోవలసిన వాళ్ళు ఒకరితో ఒకరు సఖ్యంగా లేరు. యెందుకు లేరన్నదే కథలోని అసలు ముడి. ఒకామె చెప్పినది విని నిజమని నమ్ముతాము. మరొకామె చెప్పినది వినగానే మొదటామె దాచినదేమిటో తెలుస్తుంది. గుట్టు నేను చెప్పను, చదువుకునేవారి సుఖం చెడగొట్టకూడదు. నా మటుకు, కడపటి గుట్టుకన్న ఈ ఆడవాళ్ళ మాటలే మిన్న. స్తంభంలోని మగవాళ్ళ రహస్యాలు వెనుకభాగంలో మోతాదు మించాయేమో అని కూడా అనిపించింది.

రెండు కాలాల పద్ధతి ఈ కథకు యెందుకు అవసరమయిందో యిక్కడ స్పష్టమవుతుంది. పోయినవాళ్ళకు అది ఒక్క రోజు. మిగిలినవాళ్ళకు అదే రోజు యిరవైయేళ్ళు. దేహం దొరకని చావుకు మన పూర్వులు దర్భలతో ప్రతికృతి చేసి దహనం జరిపించే విధి పెట్టారు. అది పోయినవారి సద్గతికని శాస్త్రం. వున్నవారి యెదురుచూపులు ఒకచోట ఆపడానికి కూడానని నాకు తోస్తుంది. నవలలో ఆ ముగ్గురు ఆడవాళ్ళకూ అటువంటి ఆపు దొరకలేదు. తలుపు చప్పుడయితే యిప్పటికీ చెవి అటే పోతుంది. అటువంటి బతుకును వరుసగా, తిన్నగా చెబితే సగమే తెలుస్తుంది.

మన పత్రిక చదువరుల్లో చాలామంది తాతముత్తాతలు యెప్పుడో ఊళ్ళు విడిచి, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమల్లో స్థిరపడినవారు. "మా ముత్తాత ఫలానా ఊరు యెందుకు వదిలాడు?" అన్న ప్రశ్న ప్రతి యింటా వున్నది. జవాబు మాత్రం ఒక్కో చిన్నాన్న దగ్గర ఒక్కోటి. కరువని ఒకరు, దాయాదుల కొట్లాట అని ఒకరు, రాజుగారి పిలుపని మరొకరు. యిదీ రెండు కాలాల కథే. పిల్లలు అడిగినప్పుడు చెప్పండి, తప్పక చెప్పండి. కానీ, "ఇది దస్తావేజులో వున్నది, ఇది మా నాయనమ్మ చెప్పగా విన్నది, ఇది నా ఊహ" అని మూడుగా విడదీసి చెప్పండి. వీలయితే అలాగే మూడు భాగాలుగా ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. మూర్ ఒక్క ఉత్తరంలో కోటు యింట్లో వున్నదని రాసివుండకపోతే, మెకార్థర్ తరఫున మాట్లాడడానికి నేడు ఒక్క సాక్ష్యమైనా మిగిలేది కాదు.

నవల ఇంగ్లీషులో వున్నది. కష్టమైన ఇంగ్లీషు కాదు. కాలేజీ చదువుకున్న ఆడపిల్లలూ మగపిల్లలూ హాయిగా చదవగలరు. మధ్యలో భార్యాభర్తల నడుమ సంగతులు కొన్ని వున్నాయి కనుక, మరీ చిన్నవాళ్ళకు యివ్వనక్కరలేదు. చదివేవారు ముందు మ్యూర్‌హెడ్ నివేదికనూ మూర్ ఉత్తరాన్నీ చదివి, తరువాత నవల పట్టుకోవాలని నా సలహా. అప్పుడు యేది జరిగినదో, యేది అల్లినదో తెలిసి, అల్లికను కూడా బాగా మెచ్చుకోగలుగుతారు.

ఐలీన్ మోర్ దీపం 1971లో యంత్రంతో తనంతట తానే వెలిగేటట్లు మారింది. అప్పటినుంచి కాపరులు లేరు. మెకార్థర్‌లాగా ఒకరి బదులు మరొకరు అక్కడికి వెళ్ళవలసిన అవసరమూ లేదు.